రేడియో నుండి అంతర్జాలం వరకు: క్రైస్తవ ఆరాధనలో సమాజ భావన

ఉపోద్ఘాతం:
క్రైస్తవంలో సంఘమంటే కట్టడం కాదు. కూడిన విశ్వాసుల సమూహం. గ్రీకు ‘ఎక్లేసియా’ పదానికి కూడిక అనే అర్థం ఉంది. అయితే మనుషులు ఒకచోట చేరకుండా సంఘారాధన సాధ్యమా? ఈ ప్రశ్నకు ప్రసార సాధనాలు ఇచ్చిన సమాధానాలను చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

రేడియో ఆరాధన:
1921 జనవరి 2న అమెరికాలోని పిట్స్‌బర్గ్ కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి ఆరాధనను కె.డి.కె.ఎ. కేంద్రం ప్రసారం చేసింది. 1924 జనవరి 6న లండన్‌లోని సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్ చర్చి నుండి బి.బి.సి. ఆరాధనను వినిపించింది. చర్చికి రాలేని రోగులకూ వృద్ధులకూ ప్రసంగం, కీర్తనలు ఇంటనే అందాయి. కానీ శ్రోత వినగలడే తప్ప బదులు పలకలేడు. తనతోపాటు వింటున్న వారెవరో అతనికి తెలియదు.

అంతర్జాల ఆరాధన:
1999లో ఐర్లండ్ జెస్యూట్ గురువులు ప్రారంభించిన ‘సేక్రెడ్ స్పేస్’ కంప్యూటర్ తెర ముందు వ్యక్తిగత ప్రార్థనకు తోడ్పడింది. 2004 మే 11న బ్రిటన్‌లో మెథడిస్టు చర్చి సహకారంతో ఆరంభమైన ‘చర్చ్ ఆఫ్ ఫూల్స్’ మరో అడుగు వేసింది. సందర్శకుడు బొమ్మ రూపంలో ఆ త్రీడీ చర్చిలో ప్రవేశించి, మోకరిల్లి, పక్కవారితో మాట్లాడగలిగేవాడు. లండన్ బిషప్ రిచర్డ్ చార్ట్రెస్ అక్కడ తొలి ప్రసంగం చేశారు. త్వరలోనే అల్లరి చేసేవారు చొరబడ్డారు. వారిని వెలివేసే అధికారంతో పర్యవేక్షకులు అవసరమయ్యారు. ఇది గమనార్హం. రేడియో ఆరాధనను శ్రోత ఆపివేయగలడే గాని భంగపరచలేడు. క్రమశిక్షణ అవసరమైనదంటే అక్కడ సమాజం ఏర్పడిందనే అర్థం.

సంస్కారాల సమస్య:
2002 ఫిబ్రవరి 22 నాటి ‘చర్చి, అంతర్జాలం’ అనే పత్రంలో వాటికన్ అంతర్జాలంలో సంస్కారాలు లేవని స్పష్టం చేసింది. 2020లో కరోనా కారణంగా చర్చిలు మూతపడినప్పుడు ఈ సమస్య తీవ్రమైంది. కథోలికులు దివ్యసత్ప్రసాదాన్ని మనసులో స్వీకరించే ప్రార్థనను ఆశ్రయించారు. కొన్ని ప్రొటెస్టెంట్ సంఘాలు ఇంటనే రొట్టె, ద్రాక్షారసం సిద్ధం చేసుకొమ్మన్నాయి. మరికొన్ని అందుకు సమ్మతించలేదు.

ముగింపు:
సాంకేతికత వాక్యాన్నీ ప్రార్థననూ సహవాసాన్నీ దూరాలకు చేర్చగలిగింది. రొట్టె విరిచే సంస్కారం వద్ద వివాదం తీరలేదు. అయితే ఈ వివాదాన్ని చర్చికి రాగలిగిన వారి దృష్టితోనే చూడడం అసమగ్రం. తలుపులు తెరుచుకున్నాక ప్రసారాలు ఆపిన చోట, మంచం పట్టిన విశ్వాసికి కూడిక మళ్లీ దూరమైంది. కూడిక అన్న పదంలో అతనికి చోటుందా అన్నదే సంఘ చరిత్ర ముందున్న అసలు ప్రశ్న.