కోడిపుంజూ, ఆంబోతూ, ఇద్దరు పడుచు వీరులూ

సంక్రాంతి మూడు రోజులూ మా ఉంగుటూరు, తాడేపల్లిగూడెం వైపు మగవాళ్ళు ఇంటిపట్టున ఉండరు. పుంజు గెలిచిందా, ఓడిందా, అదే లోకం. ఆ పందెం మీద ఒక రాజ్యమే పోయిందని చెబుతుంది మన పల్నాటి కథ. పందెంలో ఓడి, బ్రహ్మనాయుడూ మలిదేవరాజూ మాచెర్ల విడిచి ఏడేళ్ళు వలసపోయారు. గడువు తీరాక తిరిగి అడిగితే గురజాల నలగామరాజు ఇవ్వనన్నాడు. 1182 ప్రాంతంలో కారెంపూడి దగ్గర యుద్ధం జరిగిందంటారు.

అక్కడెక్కడో ఐర్లండులోనూ ఇలాంటి కథే ఉంది సుమండీ! అక్కడి తగవు ఆంబోతు కోసం. మొగుడి మందలో ఉన్నపాటి ఆంబోతు తన మందలో లేదని మేవ్ రాణి అల్‌స్టర్ మీదికి దండెత్తింది. అల్‌స్టర్ యోధులు లేవలేకపోయారు. ఎందుకో తెలుసా? వాళ్ళ రాజు పూర్వం మాఖా అనే నిండుచూలాలిని తన గుర్రాలతో పరుగుపందెం కట్టించాడు. ఆవిడ గెలిచింది, అక్కడే కని, శపించింది: మీకు ఆపద వచ్చినప్పుడల్లా ప్రసవవేదన పడండీ అని! ఈ కథ అల్లినవాళ్ళలో ఆడవాళ్ళు తప్పకుండా ఉండే ఉంటారు. శాపం తగలనివాడు కుహూలిన్ ఒక్కడే. పదిహేడేళ్ళవాడు. ఏటి రేవులో నిలబడి ఒక్కొక్కణ్ణీ అడ్డుకున్నాడు. వాడికి యుద్ధవిద్య నేర్పిన గురువు కూడా స్కాహ్ అనే ఆడదే.

మన బాలచంద్రుడికి యుద్ధం సంగతే తెలియనివ్వలేదు తల్లి ఐతాంబ. నోములు నోచి కన్న బిడ్డ మరి. బొంగరాలాటలో ఒకామె కాలికి దెబ్బ తగిలితే, ఆమె దెప్పిపొడిచింది; అప్పుడు తెలిసింది. కొడుకును ఆపమని ఐతాంబ కోడలు మాంచాలకు కబురంపింది. అంతవరకూ మొహం చూడని మొగుడు ఆ రాత్రి గడపలోకి వస్తే, ఆ పిల్ల కత్తి చేతికిచ్చి పంపింది. వీరపత్ని అని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఐతాంబ మీదే జాలి.

ఇద్దరు వీరులూ తిరిగి రాలేదు. నిందలు మాత్రం నాగమ్మకూ మేవ్‌కూ వచ్చాయి. పందెం ఒడ్డిన మగవాళ్ళను ఎవరూ అనరు!

కుహూలిన్ నిలబడే చావాలని రాతిస్తంభానికి తన్ను తాను కట్టేసుకున్నాడట. ఆ కంచు విగ్రహాన్ని 1935లో డబ్లిన్ పెద్ద పోస్టాఫీసులో నిలిపారు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు వీరుల గుడి దగ్గర ఆయుధాలకు పూజలు మొదలవుతాయి. అయిదు రోజులు ఊరంతా జనమే.