విప్పగలిగే పరుపు, విప్పలేని సోఫా

ఇంటి సామాను శుభ్రం చేసే పని చరిత్రను సాధారణంగా యంత్రాల చరిత్రగా రాస్తారు. నాకు మాత్రం అది సామాను కట్టుబడి చరిత్రగా కనిపిస్తుంది. కుర్చీనీ మంచాన్నీ విడదీయడానికి వీలున్నంత కాలం శుభ్రం చేయడం చాలావరకు ఇంటివాళ్ళ చేతిలో ఉంది. దూదిని లోపల కూరి, పైన గుడ్డ బిగించి, మేకులు కొట్టేశాక మురికి లోపలే ఉండిపోయింది. దాన్ని బయటికి లాగడానికి ప్రత్యేకమైన మనుషులూ పరికరాలూ కావలసి వచ్చాయి.

మన పాత ఇళ్ళలో సామాను చూడండి. నవారు మాస్తే విప్పి, ఉతికి, ఆరేసి, మళ్ళీ అల్లేవారు. పడక కుర్చీకి కర్రలు లాగేస్తే గుడ్డ చేతికొచ్చేది. నులక మంచం సందుల్లో నల్లులు చేరితే ఎండలో నిలబెట్టి, మరిగే నీళ్ళు పోసి, కర్రతో బాది దులిపేవారు. ఇంటివాళ్ళ వల్ల కానిది పరుపు ఒక్కటే. బూరుగు దూది ఏళ్ళు గడిచేకొద్దీ ఉండలు కట్టి, చెమటా దుమ్మూ పట్టి, రాయిలా బిగుసుకుపోతుంది. అప్పుడు దూదేకులవారికి కబురు వెళ్ళేది.

ఇస్లాం మతాన్ని పాటిస్తూ ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ఈ సముదాయం గురించి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో రాశాడు. వాళ్ళ వృత్తి దూది శుభ్రం చేయడమేనని అందులో నమోదైంది. పని వాకిట్లోనో అరుగు మీదో జరిగేది. పరుపు కుట్లు విప్పి, దూదంతా కుప్ప పోసి, పెద్ద విల్లు నారిని ఆ కుప్పకు ఆనించి బరువైన కొయ్యతో మీటేవారు. నారి అదురుకు ఉండలు విడిపోయేవి, దుమ్మూ గింజ ముక్కలూ రాలిపోయేవి. ఉతికి ఆరేసిన గుడ్డలో ఆ దూదిని మళ్ళీ నింపి, కుట్టి ఇచ్చేవారు. ఊపిరితిత్తుల్లోకి దూది నుసి పీలుస్తూ చేసిన పని అది. ఇంటికి పిలిపించుకుని పరుపు బాగుచేయించుకునే వృత్తి మన దగ్గర ఇలా ఉండేది. ఈ చరిత్రను లండన్‌లో మొదలుపెట్టేవాళ్ళు దూదేకులవారి శ్రమను లెక్కలోకి తీసుకోకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

ఐరోపాలో సామాను మరో దారి పట్టింది. 1820ల్లో వియన్నా, లండన్ నగరాల్లో స్ప్రింగు సీట్లకు పేటెంట్లు వచ్చాయి. స్ప్రింగుల మీద గుర్రపు వెంట్రుకలు పరిచి, వెల్వెట్ బిగించిన సోఫాలు మధ్యతరగతి ఇళ్ళలోకీ చేరాయి. బొగ్గు పొయ్యిల మసి వాటిలోకి ఇంకేది. కలిగినవాళ్ళు పైన ముతక నారగుడ్డ తొడుగులు వేసుకున్నారు. పనిమనుషులు తివాచీల మీద తడి టీ ఆకు చల్లి ఊడ్చేవారు, సోఫాలను బ్రష్షులతో దులిపేవారు. ఎంత దులిపినా ధూళి గాల్లోకి లేచి మళ్ళీ అక్కడే వాలేది.

1901లో లండన్‌లో ఒక ప్రదర్శన జరిగింది. యంత్రం గాలి ఊది దుమ్ము లేపుతోంది. చూస్తున్న హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, ఊదే బదులు పీల్చకూడదా అని అడిగాడు. తర్వాత ఒక భోజనశాలలో కుర్చీ మెత్తకు చేతిరుమాలు ఆనించి నోటితో గట్టిగా పీల్చి, రుమాలుకు అంటిన మురికిని చూసి తన ఊహ నిజమని తేల్చుకున్నాడు. అదే ఏడాది పేటెంటుకు దరఖాస్తు చేశాడు. యంత్రం ఇంట్లో పట్టేది కాదు. పెట్రోలు ఇంజనుతో నడిచే దాన్ని గుర్రబ్బండి మీద తెచ్చి వీధిలో నిలిపి, పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి లోపలికి పంపేవారు. ఏకరూప దుస్తులు వేసుకున్న మనుషులు గదిగదికీ తిరిగి పని చేసేవారు. గుర్రాలు బెదురుతున్నాయని బండ్లవాళ్ళు కోర్టుకెక్కారు. కొన్ని గొట్టాలకు గాజు పెట్టడంతో పోయే మురికి కంటికి కనిపించేది. దాన్ని చూడటానికి కలవారు స్నేహితులను తేనీటికి పిలిచేవారు. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ అబ్బే తివాచీలను ఈ యంత్రంతోనే శుభ్రం చేశారు.

నన్ను ఆకట్టుకునే సంగతి ఏమిటంటే, బూత్ మొదట అమ్మింది యంత్రాన్ని కాదు, పనిని. యంత్రాన్ని ఇంటివాళ్ళ చేతికి తెచ్చింది అమెరికాలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్. ఒహైయో రాష్ట్రం కాంటన్‌లో ఒక దుకాణాన్ని ఊడ్చే ఉద్యోగి, ఉబ్బస రోగి. ఊడ్చిన ప్రతిసారీ లేచే దుమ్ము భరించలేక మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఒక పరికరం తయారుచేశాడు. 1908లో పేటెంటు వచ్చింది. దాన్ని కొన్న విలియం హూవర్ పేరు లోకానికి తెలిసింది, స్పాంగ్లర్ పేరు మరుగునపడింది.

దుమ్మంటే భయం కూడా మారుతూ వచ్చింది. మొదట క్షయ క్రిములు. 1964లో నెదర్లాండ్స్ పరిశోధకులు దుమ్ము పురుగులకూ ఇంటి ధూళి ఎలర్జీకీ సంబంధం చూపించారు. కంటికి కనిపించని ఈ పురుగులు మన చర్మపు పొట్టు తిని, తేమలో పెరుగుతాయి. పరుపును ఎండలో వేసే మన అలవాటుకు ఇక్కడ బలమైన కారణం దొరికింది. ఎండకు తేమ ఆరిపోతే అవి బతకలేవు.

మన మధ్యతరగతి ముందుగదుల్లోకి ఫోమ్ సోఫా చేరాక నవారూ పేమూ వెనక్కి తగ్గాయి. 1982లో యురేకా ఫోర్బ్స్ మొదలై, అమ్మకందార్లు వాక్యూమ్ క్లీనర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. కొన్న చాలా ఇళ్ళలో ఆ యంత్రం అటక ఎక్కింది. చీపురూ తడిగుడ్డా సరిపోయే గచ్చు నేలల ఇళ్ళలో దానికి రోజువారీ పని లేదు. సోఫాలో ఇంకిన నూనె, చెమట, పిల్లలు ఒలకబోసిన పాలు వట్టి గాలి పీల్పుకు రావు. ముందు పొడి దుమ్ము లాగి, ద్రావణం చల్లి, బ్రష్షుతో నురగ తెప్పించి, తడి యంత్రంతో మురికి నీటిని పీల్చాలి. లోపలి ఫోమ్ ఆరకపోతే బూజు పడుతుంది. వానాకాలంలో విశాఖ లాంటి సముద్రతీర ఊళ్ళలో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. గుడ్డ రకం తెలియకుండా నీళ్ళు కొట్టడమూ ప్రమాదమే. కొన్ని సోఫాల చీటీ మీద డబ్ల్యూ అని ఉంటే నీటితో చేయవచ్చు, ఎస్ అని ఉంటే నీరు తగలకూడదు, ద్రావకాలే వాడాలి.

అలా బూత్ పద్ధతే మళ్ళీ వచ్చింది. యంత్రం మనది కాదు, పని కొనుక్కుంటున్నాం. 2014లో అర్బన్‌క్లాప్‌గా మొదలై ఇప్పుడు అర్బన్ కంపెనీ అయిన సంస్థ వంటివాటి ద్వారా హైదరాబాద్‌లో ఫోన్ మీద సోఫా క్లీనింగ్ కుదుర్చుకోవచ్చు. మరోవైపు 2018లో అదే నగరంలో దేశంలోనే తొలి దుకాణం తెరిచిన ఐకియా, తొడుగు విప్పి ఉతుక్కునే సోఫాలనూ అమ్ముతోంది. ఎలాంటి సామాను కొనాలో ముందే ఆలోచిస్తే చాలా రసాయనాలు ఇంట్లోకి రావు.

యంత్రం మోసుకొచ్చే మనిషి సంగతి మాత్రం ఇంకా తేలలేదు. అతను యాప్ సంస్థ ఉద్యోగి కాడు, కాగితం మీద భాగస్వామి. మన చట్టాల్లో గిగ్ కార్మికుడికి నిర్వచనం వచ్చింది 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌తో. రాజస్థాన్ 2023లో వాళ్ళ సంక్షేమానికి ప్రత్యేక చట్టం చేసింది. ఘాటైన ద్రావణాల మధ్య గంటల తరబడి వంగి పనిచేసే ఆ మనిషికి ప్రమాద బీమా, వైద్యం, జబ్బు పడితే సెలవు ఎవరివ్వాలన్నది ప్రభుత్వాలూ సంస్థలూ వెంటనే తేల్చాల్సిన విషయం.