రేచర్ల రుద్రసేనాని

సామంతులు బలవంతులగుట రాజ్యమునకు రక్షయే. కాని సింహాసనము శూన్యమైన దినమున ఆ బలమే భయహేతువగును. ఓరుగంటి కాకతీయులకు అట్టి దినము పండ్రెండవ శతాబ్ది చివర వచ్చెను.

దేవగిరి యాదవులపై దండెత్తిన మహాదేవరాజు రణమున మడిసెను. అతని కుమారుడు గణపతిదేవుడు శత్రువుల చెరలో పడెను. రాజులేని రాజ్యమున అలజడి చెలరేగెను. అప్పుడు భారము వహించినవాడు రేచర్ల రుద్రుడు. ఇతని పూర్వులును కాకతీయుల సేనానులే. నాగతి యను ప్రభువును ఇతడు పారద్రోలెనని పాలంపేట శాసనము చెప్పుచున్నది. ఇతనికి 'కాకతిరాజ్య భారధౌరేయు'డను బిరుదు కలదు. ధౌరేయమనగా కాడిమోయు వృషభము. ఇది వట్టి స్తోత్రము కాదు.

సేన చేతనున్నది, రాజు చెరలోనున్నాడు. తానే రాజునని రుద్రుడు ప్రకటించుకొన్నచో అడ్డగించుట సులభము కాదు. అయినను గణపతిదేవుడు విడుదలై 1199లో సింహాసనమెక్కగా, రుద్రుడు మరల సేనానిగనే నిలిచెను. ఆ రాజు 1262 వరకు పాలించి తెలుగునాడులో అధికభాగమును ఒక్క గొడుగు క్రిందికి తెచ్చెను. ఆ దీర్ఘపాలనకు పునాది ఈ స్వామిభక్తియే.

రుద్రుని కీర్తికాంక్ష వేరొక త్రోవ పట్టెను. శాలివాహనశకము 1135, అనగా క్రీ.శ. 1213లో అతడు పాలంపేటలో రుద్రేశ్వరుని ప్రతిష్ఠించి గ్రామములను దానమిచ్చెను. చేరువనే, మూడువైపుల కొండలుండగా నాలుగవ వైపున కట్టపోసి చెరువు నిర్మించెను. మాన్యము పండనిదే నైవేద్యము లేదు, నీరు లేనిదే మాన్యము పండదు. కావున గుడియు చెరువును ఒకే సంకల్పమునకు రెండు రూపములు.

జనులు దానిని రామప్పగుడి యందురు. ఆ పేరు శిల్పిదని జనశ్రుతి. 2021లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు రుద్రేశ్వరాలయమను పేరును చేర్చిరి. శాసనమే లేకున్న రుద్రుని పేరు మరుగుపడియుండెడిది.

చెరువు నేటికిని పైరులకు నీరిచ్చుచున్నది. కట్టినవాని పుణ్యముతో పాటు, తరతరములుగా కట్టను కాపాడినవారి శ్రమయు దానికి కారణము. సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్లబావి, పూడిక తీయువారు కలిగినందుననే 2022 డిసెంబరులో మరల వెలుగు చూచెను. చరిత్రయు నట్టిదే. రాతిపై అక్షరము చెక్కినంతమాత్రమున చాలదు, దానిని చదివి పదిమందికి చెప్పువారుండవలెను. గ్రంథాలయములు చేయు సేవ ఇదియే.