సుంకాల పట్టికలో విస్కీ: ఒక పేరు, దాని నిర్వచన చరిత్ర

వ్యాససంగ్రహం:
అంతర్జాతీయ వాణిజ్యంలో విస్కీకి 2208.30 అనే ఉపశీర్షిక ఉంది. విస్కీ అంటే ఏమిటో మాత్రం ఆ ఉపశీర్షిక చెప్పదు. ఆ ఖాళీని దేశాలు తమ తమ చట్టాలతో పూరించుకొన్నాయి. 1905 నాటి లండన్ వ్యాజ్యం మొదలుకొని 2025 నాటి భారత–బ్రిటన్ ఒప్పందం వరకు ఈ వర్గీకరణ ఎలా రూపుదిద్దుకొన్నదో, అందువల్ల ఎవరికి లాభనష్టాలు కలిగాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: విస్కీ, కస్టమ్స్ వర్గీకరణ, మొలాసిస్, ప్రపంచ వాణిజ్య సంస్థ, ఎక్సైజ్.

1. ప్రవేశిక

రేవుకు చేరిన సరుకుపై సుంకం వేయాలంటే ముందుగా అది ఏ సరుకో తేల్చాలి. బియ్యాన్నో ఇనుమునో చూసి గుర్తించవచ్చు. విస్కీ సీసాలో కనిపించేది బంగారు రంగు ద్రవం మాత్రమే. దానికి ముడిసరుకు ధాన్యమా చెరకా, దాన్ని ఏ రకం బట్టీలో దించారు, పీపాలో ఎన్నేళ్లు నిలవ ఉంచారు అనే ప్రశ్నలకు కంటిచూపు సమాధానం ఇవ్వదు. ఆ సమాధానం చట్టంలోనూ ధ్రువపత్రంలోనూ ఉంటుంది. అందుచేత సుంకాల పట్టికలోని ‘విస్కీ’ని ఒక పానీయపు వర్ణనగా గాక, ఆ పేరు ఎవరి సరుకుకు చెల్లుతుందో తేల్చిన నిర్ణయంగా చూడవలసి ఉంటుంది.

2. ఇస్లింగ్టన్ వ్యాజ్యం, రాయల్ కమిషన్

ఐర్లండులో ఎక్సైజ్ అధికారిగా పనిచేసిన ఏనియస్ కాఫీ 1830లో ఎడతెగకుండా పనిచేసే బట్టీకి పేటెంటు పొందాడు. పాత రాగి కుండ బట్టీలో సరుకు విడతలు విడతలుగా దిగుతుంది. కాఫీ బట్టీలో అది నిరంతరంగా, చవకగా, ఎక్కువ గాఢతతో దిగుతుంది. రుచి మాత్రం పలచబడుతుంది. ఈ రెండు రకాలను కలిపి అమ్మే వ్యాపారం పెరగడంతో, కాఫీ బట్టీ సరుకును విస్కీ అనవచ్చునా అనే వివాదం తలెత్తింది.

1905లో లండన్‌లోని ఇస్లింగ్టన్ స్థానిక సంస్థ, కొనుగోలుదారు అడిగిన సరుకును ఇవ్వలేదన్న ఆరోపణతో మద్యం దుకాణదారులపై వ్యాజ్యం వేసింది. 1906లో మేజిస్ట్రేటు తీర్పు దుకాణదారులకు వ్యతిరేకంగా వచ్చింది. అప్పీలులో న్యాయపీఠం రెండు సమభాగాలుగా చీలిపోయింది. 1908లో ఏర్పడిన రాయల్ కమిషన్ 1909లో తుది నివేదిక సమర్పించింది. ధాన్యంలోని పిండిపదార్థాన్ని మాల్టులోని డయాస్టేజు సాయంతో చక్కెరగా మార్చి, పులియబెట్టి, బట్టీ పట్టిన స్పిరిట్ విస్కీ అవుతుందని ఆ కమిషన్ భావించింది.

ఈ నిర్ణయంలో రెండు అంశాలున్నాయి. బట్టీ ఏ రకమన్నది ఇకపై ప్రమాణం కాదు. ఆ మేరకు పెద్ద వ్యాపారులకు దారి తెరుచుకొన్నది. ముడిసరుకు ధాన్యమే కావాలన్నది మాత్రం నిలిచింది. చెరకు పండే దేశాలకు తరువాతి కాలంలో అడ్డుగా నిలిచినది ఈ రెండవ అంశమే.

3. శీర్షిక 22.08 స్వరూపం

1988 జనవరి 1న అమలులోకి వచ్చిన సమన్వయ వర్గీకరణ వ్యవస్థ ప్రపంచ దేశాల సుంకాల పట్టికలకు ఆరంకెల ఉమ్మడి సంకేతాలనిచ్చింది. 80 శాతం, అంతకు మించిన గాఢత గల శుద్ధ ఆల్కహాలు 22.07లోనికి, తాగే స్పిరిట్లు 22.08లోనికి వస్తాయి. ఈ రెండవ శీర్షికలో ద్రాక్ష స్పిరిట్లకు 2208.20, విస్కీలకు 2208.30, రమ్ముకు 2208.40, జిన్నుకు 2208.50 కేటాయించారు.

ఈ విభజనకు ఆధారం ఒక్కటి కాదు. ద్రాక్ష స్పిరిట్లను ముడిసరుకును బట్టి గుర్తించగా, విస్కీని, జిన్నును వాడుక పేరును బట్టి గుర్తించారు. 2007 సవరణలో రమ్ము ఉపశీర్షిక విస్తరించి, చెరకు ఉత్పత్తులను పులియబెట్టి బట్టీ పట్టిన ఇతర స్పిరిట్లనూ చేర్చుకొన్నది. దీనితో చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌కు పట్టికలో వేరే ఇల్లు స్పష్టంగా ఏర్పడింది.

4. జపాన్ వివాదం: సంకేతం సాక్ష్యమైన తీరు

వర్గీకరణ సుంకంతో ఆగిపోదని జపాన్ వివాదం నిరూపించింది. ఆ దేశపు మద్యం పన్ను చట్టం స్థానిక పానీయమైన షోచూపై తక్కువగా, విస్కీ వంటి వాటిపై ఎక్కువగా పన్ను విధించేది. ఐరోపా సముదాయం, కెనడా, అమెరికా 1995లో ఫిర్యాదు చేశాయి. షోచూ, వోడ్కా ‘ఒకే తరహా’ సరుకులని, షోచూకు విస్కీ నేరుగా పోటీపడే సరుకని తేలింది. 1996 అక్టోబరులో అప్పీలు సంస్థ ఈ తీర్పును సమర్థించింది. జపాన్ పట్టికలో షోచూ, వోడ్కా అప్పటివరకు ఒకే శీర్షిక కింద ఉండటాన్ని విచారణ మండలి ఒక ఆధారంగా పరిగణించింది. 1996 నాటి కొత్త వర్గీకరణలో వోడ్కాకు 2208.60 అనే ప్రత్యేక ఉపశీర్షిక ఏర్పడినా ఫలితం మారలేదు. గుమాస్తా నమోదు చేసే అంకె న్యాయవిచారణలో సాక్ష్యం కాగలదని, అయితే అదొక్కటే తీర్పు కాదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

5. భారతదేశం: రెండు దిక్కుల వివాదం

5.1 ఎగుమతి: భారతదేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే సరుకులో చాలా భాగానికి ఆధారం మొలాసిస్ నుంచి తీసిన తటస్థ స్పిరిట్. ఐరోపా సముదాయం 1989లో చేసిన నిబంధన ప్రకారం విస్కీకి ధాన్యమే మూలం కావాలి. కనీసం 3 సంవత్సరాలు కొయ్యపీపాలో ఉండాలి. అందువల్ల స్వదేశంలో విస్కీగా చెల్లే సరుకు అక్కడ ఆ పేరుతో అమ్ముడుపోదు. బార్లీతో చేసే భారతీయ సింగిల్ మాల్టులకు ఈ చిక్కు లేదు. వేడి వాతావరణంలో స్పిరిట్ పీపాలో త్వరగా పక్వమవుతుందని, మూడేళ్ల నియమం చల్లని దేశాలకు అనువైనదని భారతీయ ఉత్పత్తిదారులు వాదిస్తూ వచ్చారు.

5.2 దిగుమతి: 2001 ఏప్రిల్‌లో పరిమాణాత్మక ఆంక్షలు తొలగినప్పుడు, కేంద్రం దిగుమతి మద్యంపై మూల సుంకంతో పాటు అదనపు సుంకం విధించింది. అతి తక్కువ ధర తరగతి స్పిరిట్లపై ఈ అదనపు సుంకమే 150 శాతం. దీనికి మూలం రాజ్యాంగంలో ఉన్నది: కస్టమ్స్ కేంద్ర జాబితాలోనిది, తాగే మద్యంపై ఎక్సైజ్ రాష్ట్ర జాబితాలోనిది. రాష్ట్రాలు స్థానిక మద్యంపై వేసే ఎక్సైజ్‌కు ఇది సమతూకమని కేంద్రం వాదించింది. ఐరోపా, అమెరికాల ఫిర్యాదుల తరువాత 2007 జూలైలో మద్యానికి ఆ సుంకం నుంచి మినహాయింపు లభించింది. స్థానిక ఎక్సైజ్‌ను మించిన మేరకు అటువంటి సుంకం నిబంధనలకు విరుద్ధమవుతుందని 2008 అక్టోబరులో అప్పీలు సంస్థ అభిప్రాయపడింది.

5.3 ‘విదేశీ’ అనే మాట: తెలుగు ప్రాంతాల మద్యం వ్యాపారంలో స్థిరపడిన ‘ఇండియన్ మేడ్ ఫారిన్ లిక్కర్’ అనే పేరు ఈ అయోమయానికి చక్కని ఉదాహరణ. కస్టమ్స్ దృష్టిలో సరుకు పుట్టిన చోటు విదేశమైతే అది విదేశీ. ఎక్సైజ్ వాడుకలో కల్లు, సారా వంటి దేశీ పానీయాల కోవకు చెందనిది విదేశీ. ఊరి పక్క డిస్టిలరీలో తయారైన విస్కీ మొదటి లెక్కలో స్వదేశీ, రెండవ లెక్కలో విదేశీ.

6. ముగింపు

1. బట్టీ నుంచి ముడిసరుకుకు, అక్కడి నుంచి పుట్టిన చోటుకు విస్కీ వర్గీకరణ ప్రమాణం మారుతూ వచ్చింది. ప్రతి మార్పులోనూ ఒక వర్గం ఉత్పత్తిదారులు లోపలికి, మరొక వర్గం బయటికి వెళ్లారు.

2. ఉమ్మడి సంకేతం ఉన్నంత మాత్రాన ఉమ్మడి నిర్వచనం ఉన్నట్లు కాదు.

3. 2025 జూలై 24న సంతకాలైన భారత–బ్రిటన్ ఒప్పందం స్కాచ్‌పై సుంకాన్ని 150 శాతం నుంచి 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి తగ్గించదలచింది. ఈ తగ్గింపు దిగుమతి దిశలోని అడ్డును మాత్రమే తాకుతుంది. మొలాసిస్ విస్కీ ఎదుట ఉన్నది సుంకం కాదు, నిర్వచనం. సుంకం శాతాల్లో తగ్గుతుంది. నిర్వచనానికి అటువంటి మెట్లు లేవు.