ఒక్క ఓటుతో పోయిన తెలుగువాళ్ల తొలి ప్రభుత్వం: ప్రకాశం పంతులుగారి 13 నెలలు

ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 1999 ఏప్రిల్ 17. లోక్‌సభలో వాజ్‌పేయి గారికి 269, ఎదురు 270. ఆ క్లిప్ మీ ఫోన్‌లో ఎన్నిసార్లు వచ్చుంటుందో. కానీ దానికి 45 ఏళ్ల ముందే మన తెలుగువాళ్ల మొట్టమొదటి రాష్ట్ర ప్రభుత్వం అచ్చం అలాగే పోయింది. కర్నూలులో, 1954 నవంబర్ 6న. గొడవ దేని గురించో తెలుసా? కల్లు గురించి.

నవ్వకండి. ఇందులో వేల కుటుంబాల కూడు ఉంది. కాస్త వెనక్కి వెళ్దాం.

పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబర్ 15న ప్రాణం వదిలారు. నాలుగు రోజుల్లో నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. 1953 అక్టోబర్ 1న 11 జిల్లాలతో రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని. ఇక్కడిదాకా స్కూల్ పుస్తకంలో చదివిందే. పుస్తకం పెద్దగా చెప్పని విషయం ఒకటుంది. కొత్త రాష్ట్రానికి కొత్తగా ఎన్నికలు పెట్టలేదు! 1952లో మద్రాసు రాష్ట్రానికి గెలిచిన ఎమ్మెల్యేల్లో ఆంధ్ర జిల్లాల వాళ్లని, 140 మందిని, అలాగే తెచ్చి కర్నూలులో కూర్చోబెట్టారు. పాత సర్వర్‌లో ఉన్న డేటాని యథాతథంగా కొత్త సర్వర్‌లోకి కాపీ చేసినట్టు. పాత బగ్స్ కూడా వచ్చేస్తాయి కదా, వచ్చేశాయి.

ఏంటా బగ్? 1952లో కోస్తా జిల్లాల్లో కాంగ్రెస్ బాగా దెబ్బతింది. 140లో కాంగ్రెస్‌కి దాదాపు 40, కమ్యూనిస్టులకి కూడా దాదాపు 40. మెజారిటీకి 71 కావాలి. మిగిలిన సీట్లు ప్రకాశం పంతులుగారి వైపు ప్రజా పార్టీ వాళ్లవి, రంగాగారి కృషికార్ లోక్ పార్టీవి, సోషలిస్టులవి, స్వతంత్రులవి. ఎవరు ఎవరితో కలిసినా అతుకుల బొంతే.

కాంగ్రెస్ ఏం చేసిందంటే, బయటున్న పెద్దాయన్ని పిలిచి ముఖ్యమంత్రిని చేసింది. టంగుటూరి ప్రకాశం, అప్పటికి 81 ఏళ్లు. ఏడాది ముందు మద్రాసులో కాంగ్రెస్‌కి వ్యతిరేకంగా ప్రతిపక్షాలన్నిటినీ, కమ్యూనిస్టులతో సహా, ఒక ఫ్రంట్‌గా నడిపింది ఈయనే. ఇప్పుడు అదే కాంగ్రెస్ మద్దతుతో కుర్చీ ఎక్కారు, కమ్యూనిస్టులు ఎదుటి బెంచీల్లోకి వెళ్లారు. ఇవాళైతే కామెంట్ సెక్షన్ తగలబడిపోయేది. కానీ నిజాయితీగా అడుగుతున్నా, ఆ రోజు 11 జిల్లాలకీ తెలిసిన ముఖం, అటు కోస్తా ఇటు రాయలసీమ ఇద్దరూ సరే అనగలిగిన ముఖం ఇంకెవరిది? నాకైతే ఎంత వెతికినా ఇంకో పేరు తట్టలేదు.

ఇంకో విషయం. ఆయన ప్రభుత్వం పడిపోవడం ఇది మొదటిసారి కాదు. 1946 ఏప్రిల్‌లో మద్రాసు ప్రధానమంత్రి అయ్యారు (అప్పట్లో ప్రీమియర్ అనేవాళ్లు), 1947 మార్చికల్లా సొంత పార్టీ వాళ్లే దించేశారు. అది 11 నెలలు, ఇది 13 నెలలు. ఆస్తంతా ఉద్యమానికి పోసిన మనిషికి అధికారం దొరికింది మొత్తం కలిపి రెండేళ్లు.

ఇక మంత్రివర్గం. పేర్లు చూస్తే మతి పోతుంది. ఉప ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. తర్వాత ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి. ఇంకొకాయన దామోదరం సంజీవయ్య. 1960లో ముఖ్యమంత్రి అయ్యారు, ఆ పదవికి వచ్చిన తొలి దళితుడు. కడప కోటిరెడ్డి, 1937 శ్రీబాగ్ ఒడంబడిక మీద సంతకం చేసినవాళ్లలో ఒకరు. గోదావరి జిల్లా నుంచి పట్టాభిరామారావు.

ఆర్థిక మంత్రి మన ఏరియా మనిషి, తెన్నేటి విశ్వనాథం. చోడవరం దగ్గర లక్కవరంలో పుట్టారు. అంటే ఇప్పటి మన అనకాపల్లి జిల్లాయే. మా ఎస్. రాయవరం అనగానే గురజాడ పుట్టిన ఊరు అంటారు, సంతోషమే. లక్కవరం పేరు కూడా పిల్లలకి చెప్పాలని నా గోల. విశాఖ బీచ్ రోడ్డులో తెన్నేటి పార్కుకి వెళ్లి సెల్ఫీలు దిగుతాం కదా, ఆ తెన్నేటి ఈయనే.

ఈ ఆర్థిక మంత్రి చేతిలో ఏముంది మరి? కర్నూలులో ఆఫీసులకి బిల్డింగుల్లేవు, గుడారాలేసి పని నడిపారు. హైకోర్టు గుంటూరులో పెట్టాలి. ఖర్చు కొండంత. రాబడిలో మాత్రం ఒక పెద్ద చిల్లు ఉంది. అదే మద్య నిషేధం.

ఇది పంతులుగారు తెచ్చింది కాదు. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మొదలుపెట్టారు. పోయిన ఎక్సైజ్ ఆదాయం పూడ్చుకోడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతా నిషేధం. ఆంధ్ర విడిపోయి వచ్చినప్పుడు ఆ చట్టం కూడా వెంట వచ్చింది.

చట్టం కాగితం మీద బావుంది, గాంధీగారి ఆశయం. చెట్టు దగ్గర సంగతి వేరు. మా ఊరి నుంచి రేవుపోలవరం సముద్రం వైపు వెళ్తే తాటిచెట్లు కనిపిస్తాయి. ఆ చెట్టుకి మోకు వేసి ఎక్కి, గీసి, లొట్టి కట్టి బతికిన కుటుంబాలు కోస్తా అంతటా ఉన్నాయి. భూమి లేదు, ఇంకో పని రాదు. నిన్నటిదాకా తాత చేసిన పని ఇవాళ నేరం. తాటిబెల్లం వండుకోండి అని సలహా ఇవ్వడం తేలికే. దొంగసారా మాత్రం ఊరూరా కాగుతూనే ఉంది. అంటే తాగేవాడికి దొరుకుతోంది, గీసేవాడికే కూడు పోయింది.

వీళ్ల తరఫున నిలబడినాయన గౌతు లచ్చన్న, శ్రీకాకుళం జిల్లా బారువ మనిషి, గీత కార్మికుల కుటుంబంలోంచే వచ్చినవాడు. ఆయన నాయకత్వంలో సత్యాగ్రహం నడిచింది. ప్రభుత్వం ఎస్.వి. రామమూర్తి కమిటీ వేసింది. నిషేధం పనిచేయట్లేదు, ఎత్తేయండి అని కమిటీ చెప్పింది. ప్రభుత్వం అమలు చేయలేదు. ఎలా చేస్తుంది? కాంగ్రెస్ ఎమ్మెల్యేల మీద నిలబడ్డ ముఖ్యమంత్రి, కాంగ్రెస్ జాతీయ విధానాన్ని కాదంటే ఆ రోజే పడిపోతాడు. కాదనకపోతే బయట ఉద్యమం. సంకీర్ణంలో ఇరుక్కోవడం అంటే ఇదే.

కానీ నా మటుకు నేను పంతులుగారిని ఇక్కడ వెనకేసుకురాను. సైమన్ కమిషన్ రోజుల్లో తుపాకీకి గుండె చూపించిన మనిషి. కుర్చీ ఎటూ పోయేదే అయినప్పుడు గీత కార్మికుల వైపు నిలబడి పోగొట్టుకుని ఉండొచ్చు.

నవంబర్ 6న అవిశ్వాస తీర్మానం ఓటుకి వచ్చింది. కమ్యూనిస్టులు, మిగతా వ్యతిరేకులు ఒకటయ్యారు. తేడా ఒక్క ఓటు. అటు నుంచి ఒక్కరు ఇటు వచ్చుంటే ప్రభుత్వం నిలబడేది. నిలబడినా ఎన్నాళ్లు అంటే, అది వేరే ప్రశ్న. నవంబర్ 15న రాష్ట్రపతి పాలన వచ్చింది.

ఆ 13 నెలల్లో ఏమీ జరగలేదా అంటే, జరిగింది. 1954లోనే తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ వచ్చింది. అదే ఏడాది జులైలో గుంటూరులో హైకోర్టు మొదలైంది. 1952లో తెగిన పాత కృష్ణా ఆనకట్ట చోట విజయవాడలో బ్యారేజీ పనులు 1954లో మొదలయ్యాయి. 1957లో పూర్తయ్యి ఆయన పేరే పెట్టుకుంది. ఆ ఏడాది మే 20నే ఆయన పోయారు, చూడలేదు.

ఓటేసి దించిన కమ్యూనిస్టులకి లాభమేంటి? 1955 ఎన్నికల్లో కాంగ్రెస్, ప్రజా పార్టీ, రంగాగారి పార్టీ ఈసారి ముందే చేతులు కలిపి పోటీ చేశాయి. 196 సీట్లలో వాళ్లకి 146. కమ్యూనిస్టులకి దాదాపు 31 శాతం ఓట్లొచ్చి కూడా సీట్లు 15. బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి, లచ్చన్న ఆయన మంత్రివర్గంలో మంత్రి. మరి నిషేధం? ప్రభుత్వాన్ని పడగొట్టిన ఆ చట్టం 1960ల చివరి దాకా అలాగే ఉంది!

ఇంకొక్క మాట. పంతులుగారి ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’లో నాలుగో భాగం ఆయన రాసింది కాదు, ఆయన పోయాక తెన్నేటి రాశారు. ఆ మంత్రివర్గంలో కూర్చున్న మనిషి రాసింది కాబట్టి, లైబ్రరీలో దొరికితే ముందు ఆ భాగం తీయండి. 1955 ఎన్నికల్లో 31 శాతం ఓట్లు 15 సీట్లుగా ఎలా మారాయో, ఆ లెక్క వచ్చే ఎపిసోడ్‌లో చేద్దాం. ఉంటాను.