ఐదు పేర్లు, ఒక్క వరస

రేడియోలో పాట వినడం మన ఇళ్లలో ఆడవాళ్లకి పనితో పాటే సాగిన వ్యవహారం. తీరిగ్గా కూర్చుని వినే సావకాశం ఏనాడూ లేదు. పాటకి ముందు అనౌన్సర్ చెప్పే పేర్లే వాళ్లకి టైటిల్ కార్డులు. చిత్రం, రచన, సంగీతం, గానం అన్న వరస రోజూ చెవిన పడబట్టే, సినిమా హాలుకి అరుదుగా వెళ్లిన మా అమ్మమ్మ తరం వాళ్లు కూడా పి. లీల గొంతునీ జిక్కి గొంతునీ వేరు చేసి చెప్పేవాళ్లు. ఈమధ్య జూబ్లీహిల్స్‌లో ఇంటర్నెట్ రేడియో కొనాలని రకరకాల పరికరాలు పోల్చి చూస్తున్నప్పుడు నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే: ధ్వని సరే, స్టేషన్ల లెక్కా సరే, ఇది ఎవరి పేరు చెబుతుంది?

పేరు చెప్పడమనే మర్యాద దానంతట అది రాలేదు. 1943లో 'భాగ్యలక్ష్మి'లో కమలా కోట్నీస్‌కి రావు బాలసరస్వతీదేవి పాడారు. తెలుగులో నేపథ్యగానానికి అదే మొదలంటారు. ఒక స్త్రీ శరీరం, మరొక స్త్రీ గొంతు. ఆ గొంతుకి విడిగా పేరు అక్కర్లేదన్న ధోరణి ఎంత బలమైనదో తెలియాలంటే 1949 నాటి హిందీ 'మహల్' చూడాలి. రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు లేదు, పాత్ర పేరు 'కామిని' అని అచ్చయింది. పాడిందెవరంటూ శ్రోతలు ఆకాశవాణికి ఉత్తరాలు రాస్తే గానీ ఆ పేరు గాలిలోకి రాలేదని చెబుతారు.

1952లో సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటల్ని బాగా తగ్గించింది. సినిమా పేరు చెబితే ప్రకటన అవుతుందని, గాయనీ గాయకుల పేర్లు మాత్రమే చెప్పసాగింది. నిర్మాతలు మండిపడి పాటల అనుమతులు వెనక్కి తీసుకున్నారు. పాట ఎవరిదని చెప్పాలన్నదే తగాదా. అయితే ఆ గొడవలో నిర్మాత సొత్తుగా కాక, పాడిన మనిషి పాటగా దాన్ని వినిపించిన కొద్దికాలం ఒకటుంది. (కేస్కర్ గారు మన మీద ప్రేమతో చేసిన పని కాదది. ఆయనకి సినిమా పాటంటేనే గిట్టేది కాదు.) శ్రోతలు రేడియో సిలోన్‌కి మళ్లారు. అక్కడి తెలుగు ప్రసారంలో మీనాక్షీ పొన్నుదురై గొంతుని ఇప్పటికీ తలుచుకునేవాళ్లున్నారు. 1957 అక్టోబర్ 3న వివిధభారతి మొదలైంది.

ఈ పేర్ల వరస ఇంటర్నెట్‌లో ఎక్కడ తెగిందో చూద్దాం. 1996లో ఎంపీ3 ఫైళ్లకి తగిలించిన ఐడీ3 అనే చీటీలో పాట పేరు, ఆర్టిస్టు, ఆల్బమ్, సంవత్సరం, వ్యాఖ్య, పాట రకం అనే గడులే ఉండేవి. స్వరకర్తకి గడి లేదు, కవికీ లేదు. ఆర్టిస్టు గడిలో 30 బైట్లు పడతాయి. ఇవాళ మనం వాడే యూనికోడ్ పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు తింటుంది, గుణింతం గుర్తులు, పొల్లూ విడి లెక్క. 'రావు బాలసరస్వతీదేవి' అని రాస్తే 55. ఆమె పేరు పట్టని గడిలోనే మన పాటల్ని సర్దాం. దాంతో పేర్లన్నీ ఇంగ్లీషు లిపిలోకి వెళ్లాయి, తలా ఒక స్పెల్లింగుతో. తర్వాత వచ్చిన చీటీల్లో స్వరకర్తకీ కవికీ చోటు దొరికింది గానీ, షౌట్‌కాస్ట్ తరహా నెట్ రేడియో ప్రసారంతో పాటు పంపేది ఒకే ఒక్క వరస. మామూలుగా అందులో ఉండేది ఆర్టిస్టు, పాట. అంతే.

ఇక పరికరాలు. వైఫై రేడియోకి సొంత తెర ఉంటుంది, స్టేషన్ల జాబితా మాత్రం వేరే సంస్థ సర్వర్ నుంచి రావాలి. 2021లో రెసీవా సేవ ఆగిపోయినప్పుడు దాని మీద ఆధారపడిన సెట్లు జాబితా కోల్పోయాయి. మాట వినే స్పీకర్లు మన దేశంలోకి 2017లో వచ్చాయి. అడిగితే చెబుతాయి, అడగడానికి ముందే మనకి సగం తెలిసుండాలి. అదే ఏడాది వచ్చిన సరిగమ కారవాన్‌కి నెట్టే అక్కర్లేదు. 5,000 హిందీ పాటలు ముందే నింపి, గాయకులు, స్వరకర్తలు, కవుల పేర్లతో విడదీశారు. నాకు ఆ విభజన నచ్చింది, కానీ ఎవరికి విడిగా స్టేషన్ ఇవ్వాలన్నది కంపెనీ నిర్ణయమే. నా కొలతకి అన్నిటికన్నా బాగా నిలిచింది ఫోన్‌లో ప్రసారభారతి వారి 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్, పక్కన ఒక చవక స్పీకరు. అక్కడ పాటల కార్యక్రమాల్లో ఇంకా మనిషి పేర్లు చదువుతుంది.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లకి రెండు సినిమాలు చెబుతాను. 1968లో వచ్చిన 'చిన్నారి పాపలు' దర్శకురాలు సావిత్రి, నిర్మాత వీరమాచనేని సరోజిని, సంగీతం పి. లీల. 1995లో రామానాయుడు గారు నిర్మించిన 'తాజ్‌మహల్'కి సంగీతం ఎం.ఎం. శ్రీలేఖ. ఫిల్మ్‌నగర్‌లో ఆయన స్టూడియో ముందు నుంచి నేను వారానికి నాలుగుసార్లు వెళ్తుంటాను. ఆర్టిస్టు గడి ఒక్కటే ఉన్నప్పుడు లీల గాయనిగా మిగులుతారు, స్వరకర్తగా పోతారు. శ్రీలేఖ స్వరపరచిన పాటని మగ గాయకుడు పాడితే ఆమె జాడే ఉండదు.

చివరికి వైఫై రేడియోనే కొన్నాను, ఇంట్లో కంప్యూటర్‌లోని ఫైళ్లని కూడా పాడుతుందని. పరిశోధన కోసం పోగేసిన పాటలకి ఒక్కోదానికీ స్వరకర్త గడిలో పేరు తెలుగులో నింపాను. తెర మీద ఆ గడే కనపడలేదు. ఆర్టిస్టు గడిలో వేసి చూస్తే తెలుగు అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వచ్చాయి. ఇప్పుడు పాట పేరు పక్కనే ఒక గీత గీసి, 'సంగీతం పి. లీల' అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తున్నాను. తెర చిన్నది కాబట్టి ఆ వరస మెల్లగా ఎడమకి జరుగుతూ పోతుంది. లీల పేరు వచ్చేదాకా పొయ్యి దగ్గర నుంచి మెడ తిప్పి చూస్తుంటాను.