బెల్లీని ‘డోజ్ లియొనార్దో లొరెదాన్’: ముఖమా, పదవా?

లండన్ నేషనల్ గ్యాలరీలోని ‘డోజ్ లియొనార్దో లొరెదాన్’ ఇటలీ పునరుజ్జీవన కాలపు వ్యక్తిచిత్రాల్లో మిక్కిలి ప్రసిద్ధమైనది. వెనిస్ గణరాజ్యపు ఆస్థాన చిత్రకారుడు జొవాన్నీ బెల్లీని 1501–02 ప్రాంతంలో దీనిని పాప్లర్ చెక్కపై తైలవర్ణాలతో చిత్రించాడు. ఎత్తు సుమారు 61 సెంటీమీటర్లు, వెడల్పు 45. ఈ ముఖాన్ని చూసి లొరెదాన్‌ను జ్ఞానిగా, స్థితప్రజ్ఞునిగా వర్ణించడం కళాచరిత్ర రచనలో పరిపాటి. ముఖం నుంచి శీలాన్ని చదివే ఈ పద్ధతి చరిత్రకారునికి ఎంతవరకు ఆధారమవుతుందన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

ముందుగా చిత్రంలో ఉన్నదేమిటో చూడాలి. నీలి నేపథ్యం ముందు, ఒక పిట్టగోడ వెనుక, ఛాతీ వరకే కనిపించే వృద్ధుడు. చేతులు కనిపించవు. తలపై డోజ్ పదవికి చిహ్నమైన కొమ్ము ఆకారపు టోపీ, దాని కింద పలుచని నార కుళ్లాయి. తెల్లని పట్టుపై జరీ అల్లిన అంగరఖాకు గంటల వంటి పెద్ద గుండీలు. జరీ మెరుపు కోసం బెల్లీని బంగారు రేకు వాడలేదు. పసుపు వర్ణాన్ని గరుకుగా ఉంచి వెలుతురు దానిపై చిట్లేటట్లు చేశాడు. తైలవర్ణపు శక్తిని వెనిస్ చిత్రకారులు ఎంతగా వశపరచుకున్నారో ఈ భుజం ఒక్కటే చెప్పగలదు. పూర్వపు డోజ్‌ల చిత్రాల్లో సాధారణంగా ముఖం పక్క నుంచే కనిపించేది. ఇక్కడ అది దాదాపు మనవైపు తిరిగింది. రోమన్ అర్ధశిల్పాలను తలపిస్తుంది. వెలుగు పడిన చెంపలో మృదుత్వాన్ని, నీడ వైపు కాఠిన్యాన్ని చూసిన విమర్శకులున్నారు. ఆ పరిశీలన కాదనలేనిది. కాని చూపు మాత్రం మనల్ని కలవదు.

1436లో పుట్టిన లొరెదాన్ 1501 అక్టోబరులో డోజ్‌గా ఎన్నికయ్యాడు. పదవి జీవితాంతం ఉండేది, అధికారం మాత్రం పరిమితం. చీట్లు, ఓట్లు మార్చి మార్చి పలు దశల్లో జరిగే ఎన్నిక తర్వాత డోజ్ ఒక ప్రమాణపత్రానికి కట్టుబడాలి. విదేశీ పాలకుల లేఖలను సలహాదారుల సమక్షంలో తప్ప విప్పరాదు. లొరెదాన్‌కు ముందున్న అగోస్టీనో బర్బరీగోపై అహంకారం, అవినీతి ఆరోపణలు చెలరేగడంతో, అతడు మరణించిన 1501లోనే చనిపోయిన డోజ్ నడవడిని విచారించే అధికారులను గణరాజ్యం ఏర్పాటు చేసింది. అంటే లొరెదాన్ ఆ టోపీ ధరించే నాటికే అతని మరణానంతర విచారణకు ఏర్పాటు సిద్ధమైంది. చేతులు లేని ఈ ప్రతిమను ఆ సందర్భంలో చూడటం సమంజసమని నా అభిప్రాయం; చిత్రకారుని ఉద్దేశం అదేనని మాత్రం వాదించను.

ఆ సంవత్సరం వెనిస్‌ను మరొక వార్త కూడా కలవరపెట్టింది. వాస్కో డ గామా 1498లో కోళిక్కోడు చేరిన తరువాత పోర్చుగీసువారు పంపిన కబ్రాల్ నౌకలు 1501లో మన పశ్చిమ తీరపు సుగంధద్రవ్యాలతో లిస్బన్‌కు తిరిగివచ్చాయి. మిరియాల వ్యాపారంపై బతికే నగరానికి ఇది చిన్న విషయం కాదు. 1508లో పోప్, ఫ్రాన్స్ రాజు, చక్రవర్తి మాక్సిమిలియన్, స్పెయిన్ పాలకుడు కాంబ్రే కూటమిగా ఏకమయ్యారు. 1509 మే 14న అన్యాదెల్లో యుద్ధంలో వెనిస్ సేన చిత్తయింది. ప్రధాన భూభాగంలోని పట్టణాలు వరుసగా జారిపోయాయి. తర్వాతి సంవత్సరాల్లో వాటిలో అధిక భాగాన్ని వెనిస్ తిరిగి పొందింది. అందువల్ల చిత్రంలోని ప్రశాంతతను కష్టకాలపు ధైర్యంగా వ్యాఖ్యానించడం కాలదోషం. చిత్రం నాటికి ఆ కష్టం ఇంకా రాలేదు.

లొరెదాన్ 1521 జూన్‌లో మరణించాడు. విచారణాధికారులు తమ పని చేశారు. వారు పట్టిన తప్పు అధికార దుర్వినియోగం కాదు, లోభం: డోజ్ పదవికి తగిన వైభవంతో అతడు జీవించలేదన్నారు. అంతటి జరీలో చిత్రితుడైన మనిషి వారసులు ఆ కారణంగా జరిమానా చెల్లించవలసి వచ్చింది.